దగ్గితే జారే మూత్రం: పట్టి ఉంచే కండరాల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. హైస్కూల్లో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు. రెండూ మామూలు కాన్పులే, రెండోసారి మాత్రం ఫోర్సెప్స్ వేసి తీశారు. ఏడాదిగా దగ్గినా, తుమ్మినా, కిందపడిన చాక్‌పీసు తీయబోయి వంగినా మూత్రం చుక్కలుగా పడుతోంది. పడుకున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు. ‘వాల్వు వదులైంది, కాన్పులయ్యాక ఇది మామూలే’ అని పంపేశారు. ఆ వాల్వు అసలు ఎక్కడ ఉంటుంది? మళ్ళీ బిగుస్తుందా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాల్వు అనగానే ఒకే చోట ఉండి తెరుచుకునే, మూసుకునే ఒకే ఒక బిరడా మన ఊహలోకి వస్తుంది. అలాంటిదేదీ మన ఒంట్లో లేదు. మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టాన్ని ప్రసేకం అంటారు. స్త్రీలలో దాని పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. ఆ కొద్ది దూరంలోనే, ఒకదాని మీద ఒకటిగా ఉన్న పొరలు, చుట్టూ ఉన్న కండరాలు, కింద ఆనుగా నిలిచే కణజాలం, వీటన్నింటినీ నడిపే నాడులు కలిసి మూత్రాన్ని ఆపుతాయి. మీ విషయంలో వీటిలో ఏది బలహీనపడిందో తెలుసుకోకుండా ‘వదులైంది’ అనడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

లోపలి నుంచి బయటికి వద్దాం. ప్రసేకం లోపలి శ్లేష్మ పొర ముడతలు ముడతలుగా ఉంటుంది. దాని కింద రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉబ్బినట్లు ఉండే మెత్తటి పొర ఉంటుంది, అందువల్ల గోడలు ఒకదానికొకటి తడిగా అంటుకుని ఉంటాయి. ఆ తర్వాత మన ఇష్టంతో పనిలేని నునుపు కండరం, లోపల నిలువుగానూ, బయట పలుచగా చుట్టూతానూ, ఉంటుంది. దానికి వెలుపల, ముఖ్యంగా ప్రసేకం మధ్య భాగంలో, మన ఇష్టప్రకారం బిగించగల చారల కండరంతో ఏర్పడిన బాహ్య సంవరిణి, అంటే బయటి బిగింపు కండరం, ఉంటుంది. ఇది పూర్తి వలయం కాదు. ముందువైపు మందంగా, యోనిని ఆనుకున్న వెనుకవైపు బాగా పలుచగా, గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. ఇంకా కిందికి వస్తే మరో రెండు చారల కండరాలు కనిపిస్తాయి. ఒకటి రెండు పక్కల తుంటి ఎముకల కొమ్మల నుంచి బయలుదేరి ప్రసేకం ముందు నుంచి విల్లులా వంగి దాన్ని వెనక్కి నొక్కుతుంది, రెండవది ప్రసేకాన్నీ యోనినీ కలిపి చుట్టుకుంటుంది. ప్రసేకం మూసుకుని ఉండే ఒత్తిడిలో చారల కండరం, నునుపు కండరం, రక్తనాళాల పొర మూడూ దాదాపు సమానంగా పాలు పంచుకుంటాయని ప్రయోగాల్లో తేలింది.

బాహ్య సంవరిణిలో ఎక్కువ భాగం నెమ్మదిగా సంకోచించే తంతువులే. వేగంగా బిగిసి వెంటనే అలసిపోయే తంతువులు చేతి కండరాలకు పనికొస్తాయి గాని, మీరు పాఠం చెబుతున్న నాలుగు గంటలూ మీకు తెలియకుండానే కొద్దిపాటి బిగువుతో నిలిచి ఉండాల్సిన కండరానికి ఓపిక గల తంతువులే కావాలి.

ఇక దగ్గు సంగతి. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయం మీద పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో దగ్గు రావడానికి క్షణంలో కొంత భాగం ముందే ఈ కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. దానికి తోడు ప్రసేకం కింద ఒక ఆను ఉంటుంది. యోని ముందు గోడ, దానికి రెండు పక్కలా కటి గోడలకు అతుక్కున్న గట్టి కణజాలపు పొర, ఆ పొరను పక్కల నుంచి పట్టి ఉంచే లెవేటర్ ఏనై అనే పెద్ద కండరం కలిసి ఈ ఆనును ఏర్పరుస్తాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డీలాన్సీ 1994లో దీని ప్రాముఖ్యాన్ని వివరించారు. ఆయన చెప్పిన ఉపమానం మన పెరళ్ళకు కూడా సరిపోతుంది. మొక్కలకు నీళ్ళు పట్టే రబ్బరు పైపు గచ్చు మీద ఉన్నప్పుడు కాలితో తొక్కితే నీళ్ళు ఆగిపోతాయి, అదే పైపు బురదలో ఉంటే ఎంత తొక్కినా పైపు కిందికి దిగబడుతుందే తప్ప నీళ్ళు ఆగవు.

కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు లెవేటర్ ఏనై విపరీతంగా సాగుతుంది. కొందరిలో, ముఖ్యంగా ఫోర్సెప్స్ వాడిన కాన్పుల్లో, అది ముందువైపు ఎముక దగ్గర ఊడిపోవడం కూడా జరుగుతుంది. బాహ్య సంవరిణికి వెళ్ళే ప్యుడెండల్ నాడి కూడా సాగి దెబ్బతినవచ్చు. అయితే కథ ఇక్కడితో ముగియలేదు. 2008లో డీలాన్సీ బృందమే, దగ్గితే మూత్రం పడే స్త్రీలనూ పడనివారినీ పోల్చి కొలతలు తీసినప్పుడు, ఆను దిగజారడం కన్నా ప్రసేకం మూసుకునే ఒత్తిడి తగ్గడానికే సమస్యతో బలమైన సంబంధం కనిపించింది. సమస్య ఉన్నవారిలో ఆ ఒత్తిడి 42 శాతం తక్కువగా ఉంది. తన సిద్ధాంతాన్ని తన కొలతలతోనే సవరించుకున్న ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. మీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, రెండో కాన్పు తర్వాత ఎన్నో ఏళ్ళు ఇబ్బంది లేకుండా గడిచి ఇప్పుడు మొదలైందంటే, అప్పటి దెబ్బకు వయసుతో తగ్గే చారల తంతువులు, ముట్లు ఆగే దశలో ఈస్ట్రోజెన్ తగ్గి పలుచబడే లోపలి పొర తోడై ఉండవచ్చు.

మామూలే అన్న మాటలో సగం నిజం ఉంది. ఎక్కువమందిలో కనిపించేది అనే అర్థంలో మామూలే. అంతమాత్రాన భరించాల్సినది కాదు. మొదటి వైద్యం వ్యాయామమే. ఈ వ్యాయామాన్ని 1948లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. అపానవాయువు రాకుండా ఆపుకుంటున్నట్లు, అదే సమయంలో మూత్రాన్నీ ఆపుకుంటున్నట్లు లోపలికీ పైకీ లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగియకూడదు, ఊపిరి ఆపకూడదు. బొడ్డు కింద చెయ్యి పెట్టుకుని చూడండి, చెయ్యి బయటికి నెట్టినట్లయితే మీరు లాగడం లేదు, ముక్కుతున్నారు. తెలియక ఇలా ముక్కేవారు చాలామందే ఉంటారు, వారికి వ్యాయామం మేలుకన్నా కీడే చేస్తుంది. అందుకే తొలిసారి స్త్రీవైద్యురాలి దగ్గరో, ఈ విద్యలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గరో సరిచూసుకోవాలి. ఒక్కో విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయాలి. మూడు వారాలకే ఫలితం లేదని మానేయవద్దు, ఓపిక గల కండరం నెమ్మదిగానే పుంజుకుంటుంది. దీనితోపాటు దగ్గబోయే ముందు, వంగబోయే ముందు కావాలని ఆ కండరాన్ని బిగించడం అలవాటు చేసుకోండి. చాక్‌పీసు కోసం వంగేటప్పుడు ముందు బిగించి, తర్వాత వంగి, లేచాక వదలండి. బరువు ఎక్కువగా ఉంటే 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా తెలుస్తుంది. దీర్ఘకాలపు దగ్గుకూ మలబద్ధకానికీ వైద్యం చేయించుకోవాలి. ముట్లు ఆగిన తర్వాత యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము కొందరికి ఉపకరిస్తుంది గాని, నోటితో వేసుకునే హార్మోన్ మాత్రలు ఈ సమస్యను తగ్గించకపోగా పెంచుతాయని పెద్ద పరిశోధనల్లో తేలింది.

వీటితో తగ్గకపోతే శస్త్రచికిత్స ఉంది. స్వీడన్ వైద్యుడు ఉల్మ్‌స్టెన్ 1996లో ప్రకటించిన పద్ధతిలో ప్రసేకం మధ్య భాగం కింద సన్నటి వలపట్టీని వదులుగా అమరుస్తారు. వల వల్ల కొందరిలో కలిగిన నొప్పి, గాయాల కారణంగా 2018లో బ్రిటన్ ఈ శస్త్రచికిత్సలను నిలిపివేసింది. ఇతర దేశాల్లో చేస్తూనే ఉన్నారు, సొంత కణజాలంతో చేసే పద్ధతులూ ఉన్నాయి. లాభనష్టాలు రెండూ అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థిని. పాత పుస్తకంలో రెండు పొరల మధ్య ఇరుకున్న పలకలాంటి కండరపు డయాఫ్రమ్ గుండా ప్రసేకం వెళ్తుందనీ, ఆ పలకే బాహ్య సంవరిణి అనీ ఉంది. మా మేడం అది తప్పంటున్నారు. అలాగే స్త్రీలకు అంతర సంవరిణి ఉందా, లేదా?
ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ మేడం చెప్పినదే సరైనది. పలకలాంటి ఆ డయాఫ్రమ్ బొమ్మ దశాబ్దాల తరబడి ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పాకుతూ వచ్చింది. మిషిగన్‌లోనే శరీరనిర్మాణ శాస్త్రం చెప్పిన థామస్ ఓల్‌రిచ్ 1980లో పురుషుల సంవరిణి గురించీ, 1983లో స్త్రీల సంవరిణి గురించీ రాసిన వ్యాసాలు ఆ బొమ్మను తోసిపుచ్చాయి. అడ్డంగా పరచిన పలక ఏదీ లేదనీ, సంవరిణి ప్రసేకం వెంట నిలువుగా పాకే కండరమనీ ఆయన చూపించారు. పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి ఏర్పడక ముందే ఈ కండరానికి పునాది పడుతుంది. తర్వాత ప్రోస్టేట్ ఆ కండరంలోకి చొచ్చుకుని పెరగడంతో అది కొన్నిచోట్ల పలుచబడుతుంది. పెద్దవారిలో కూడా ప్రోస్టేట్ ముందు భాగం మీద చారల తంతువులు కనిపించడానికి కారణం ఇదే.

అంతర సంవరిణి, అంటే లోపలి బిగింపు కండరం, విషయంలో స్త్రీపురుషులను ఒకే గాటన కట్టకూడదు. పురుషులలో మూత్రాశయం మెడ దగ్గర నునుపు కండరం స్పష్టమైన వలయంగా ఉంటుంది, మన ప్రమేయం లేకుండా అవయవాలను నడిపే సహానుభూత నాడులు దానికి దండిగా అందుతాయి. వీర్యం బయటికి వచ్చే సమయంలో అది వెనక్కి, మూత్రాశయంలోకి, పోకుండా గట్టిగా మూసుకోవడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ అనే మందు వాడేవారిలో కొందరికి వీర్యం రాకపోవడం లేదా తగ్గడం ఈ పని చెడినందువల్లేనని చాలాకాలం అనుకున్నారు గాని, వీర్యం వెనక్కి పోవడం కన్నా అసలు విడుదల కాకపోవడమే ఎక్కువని తర్వాత తేలింది. స్త్రీలలో మెడ దగ్గర అంత స్పష్టమైన వలయం లేదు, సహానుభూత నాడుల సరఫరా కూడా తక్కువే. కాబట్టి స్త్రీలు ఎక్కువగా ఆధారపడేది ప్రసేకం మధ్య భాగం మీద. పైన చెప్పిన వలపట్టీని మెడ దగ్గర కాకుండా మధ్యలో అమర్చడం దీనికి తగినట్టుగానే ఉంది.

పరీక్షకు కాకపోయినా మీకు ఆసక్తి కలిగించే మరో సంగతి చెబుతాను. బాహ్య సంవరిణిని నడిపే నాడీకణాలు వెన్నుపాము అడుగున, త్రిక భాగంలో, ఒక చిన్న గుంపుగా ఉంటాయి. 1899లో దాన్ని వర్ణించిన ఓనుఫ్రోవిచ్ పేరు మీద దాన్ని ఓనుఫ్ కేంద్రకం అంటారు. కాళ్ళూ చేతులూ చచ్చుబడి, మింగడం కూడా కష్టమయ్యే మోటార్ న్యూరాన్ వ్యాధిలో ఈ గుంపు చాలాకాలం చెక్కుచెదరదు. అందుకే మంచాన పడిన ఆ రోగులలో చాలామందికి మూత్రం మీద పట్టు ఉంటుంది. వార్డులో అలాంటి రోగికి ఉన్నట్టుండి పక్క తడుస్తుంటే వ్యాధి ముదిరిందని సరిపెట్టుకోకుండా వేరే కారణం వెతకాలి.

ప్రశ్న: నాకు 67 ఏళ్ళు. రిటైర్డ్ ఉద్యోగిని. క్యాన్సర్ వల్ల ప్రోస్టేట్ మొత్తం తీసేశారు. మూత్రానికి వేసిన గొట్టం (కాథెటర్) తీసి ఆరు వారాలైంది. కుర్చీలోంచి లేచినా, సంచి ఎత్తినా తడుస్తోంది. సాయంత్రమయ్యేసరికి మరీ ఎక్కువ. రాత్రి మాత్రం పక్క తడవడం లేదు. ఆపరేషన్‌లో ఏదైనా తెగిపోయిందా? బయటికి వెళ్ళాలంటే భయంగా ఉంది.
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రాత్రి పక్క తడవడం లేదన్న ఒక్క వాక్యం చాలా ధైర్యాన్నిస్తుంది. పడుకున్నప్పుడు పట్టు నిలుస్తోందంటే మీ బాహ్య సంవరిణి పని చేస్తోంది, కాకపోతే ఇంకా బలం చాలడం లేదు.

జరిగింది ఇది. పురుషుల ప్రసేకం పొడవు సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్లు. అయినా మూత్రాన్ని ఆపేది మొదటి కొద్ది సెంటీమీటర్లే. ప్రోస్టేట్‌ను పూర్తిగా తీసినప్పుడు దాని గుండా పోయే ప్రసేకపు ముక్కతోపాటు మూత్రాశయం మెడ దగ్గరి అంతర సంవరిణి కూడా చాలావరకు పోతుంది. మూత్రాశయాన్ని కిందికి లాగి, ప్రోస్టేట్‌కు దిగువన మిగిలిన ప్రసేకానికి కుడతారు. నిన్నటి వరకూ ఇద్దరు పంచుకున్న బరువును ఇప్పుడు ఆ కింది ముక్క చుట్టూ ఉన్న సంవరిణి ఒక్కటే మోయాలి. లేవడం, బరువెత్తడం వంటి పనుల్లో పొట్ట ఒత్తిడి పెరగడం వల్లా, సాయంత్రానికి కండరం అలసిపోవడం వల్లా మీకు ఆ సమయాల్లో ఎక్కువ తడుస్తోంది. మిగిలిన ఆ ప్రసేకపు ముక్క పొడవుగా ఉన్నవారు త్వరగా కోలుకుంటారు. ఎక్కువమందిలో మూడు నుంచి పన్నెండు నెలల లోపు స్పష్టమైన మెరుగుదల కనిపిస్తుంది.

వ్యాయామం చేసేటప్పుడు పురుషులు సాధారణంగా మలద్వారాన్ని బిగిస్తారు. మీకు కావలసింది ముందువైపు కండరం. అంగాన్ని లోపలికి లాక్కుంటున్నట్లు, మూత్రధారను ఆపుతున్నట్లు భావించి బిగించండి. అద్దం ముందు నిలబడి చూస్తే అంగం మొదలు కాస్త లోపలికి కదలడం కనిపిస్తుంది. కనిపించిందంటే సరైన కండరాన్నే పట్టుకున్నారని అర్థం. కుర్చీలోంచి లేచే ముందు బిగించి, పూర్తిగా నిలబడ్డాక వదలండి. తడుస్తుందని నీళ్ళు తాగడం తగ్గించవద్దు, చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని రేపి పరిస్థితిని ఇంకా పాడు చేస్తుంది. కాఫీ, టీలు తగ్గించవచ్చు. బయటికి వెళ్ళేటప్పుడు పురుషుల ప్యాడ్లు వాడడానికి మొహమాటపడకండి, మందుల షాపుల్లో దొరుకుతాయి.

ఏడాది తర్వాత కూడా బాగా తడుస్తుంటే కృత్రిమ సంవరిణి ఉంది. దీన్ని మొదట 1972లో అమెరికాలో బ్రాంట్లీ స్కాట్ అమర్చారు. ప్రసేకం చుట్టూ ద్రవంతో నిండే చిన్న పట్టీ, పొట్ట అడుగున ఒత్తిడిని నిలిపే బుడగ, వృషణాల సంచిలో చిన్న పంపు ఉంటాయి. పంపును నొక్కితే పట్టీ వదులై మూత్రం వస్తుంది, కొద్ది నిమిషాల్లో అది తనంతట తానే మళ్ళీ బిగుస్తుంది. ఇప్పుడే దాని గురించి ఆలోచించాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. మీటింగుల వల్ల గంటల తరబడి మూత్రం ఆపుకుంటాను. ఇలా ఆపుకోవడం వల్ల ఆ కండరాలకు బలం వస్తుందా? మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మంచి వ్యాయామమని ఒక వీడియోలో చెప్పారు.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండింటికీ జవాబు కాదనే. మూత్రాశయంలో 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికి తొలి కబురు అందుతుంది. 400, 500 దాకా హాయిగా పట్టి ఉంచగలం. ఎప్పుడైనా ఒకసారి ఆపుకుంటే ప్రమాదమేమీ లేదు గాని, రోజూ ఆపుకోవడం వ్యాయామం కాదు, ఇన్ఫెక్షన్‌కు చోటిచ్చే అలవాటు. బస్సులో దారి పొడవునా మరుగుదొడ్డి దొరకదని మన ఆడవాళ్ళు ఉదయం నుంచి నీళ్ళే తాగకపోవడం కూడా ఇలాంటిదే. అందులో తప్పు వారిది కాదు, మరుగుదొడ్లు కట్టనివారిది.

ఇక ధారను ఆపడం. మూత్రం పోయడమన్నది మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం నడిపే ఒక వరుస క్రమం. పాన్స్ పాత్రను ఇంగ్లండ్‌కు చెందిన బారింగ్టన్ 1920లలో పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో గుర్తించారు. ముందు సంవరిణి వదులవుతుంది, ఆ వెంటనే మూత్రాశయం సంకోచిస్తుంది. మూత్రాశయం నెడుతున్నప్పుడు సంవరిణిని బిగించడం ఆ క్రమాన్ని పదేపదే తెంచడమే. సరైన కండరం ఏదో తెలుసుకోవడానికి ఒకసారి ఆపి చూడవచ్చు, వ్యాయామం మాత్రం మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఆమెకు తెలియకుండానే రోజంతా బట్టలు తడుస్తున్నాయి. వెళ్ళినప్పుడు మాత్రం ధార సన్నగా వస్తుంది, ఇంకా మిగిలిపోయినట్లు ఉంటుందట. మీరు తరచూ చెప్పే కండరాల వ్యాయామం చేయించమంటారా?
ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇప్పుడే చేయించవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది సంవరిణి బలహీనతలా లేదు. చాలాకాలపు మధుమేహంలో మూత్రాశయానికి వెళ్ళే నాడులు దెబ్బతిని, నిండిన కబురు సరిగా అందదు, కండరం గట్టిగా నెట్టదు. మూత్రాశయం పొంగి, పట్టనిది కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఇలాంటప్పుడు సంవరిణిని ఇంకా బిగిస్తే లోపల మిగిలే మూత్రం పెరుగుతుంది. ముందుగా మూత్రానికి వెళ్ళివచ్చిన వెంటనే స్కానింగ్ చేయించి లోపల ఎంత మిగిలిందో కొలిపించండి. అది చిన్న పరీక్ష, నొప్పి ఉండదు. దానితోపాటు మూత్రపరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించాలి, ఎందుకంటే ఎక్కువకాలం మూత్రం నిలిచిపోతే కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది.

బీపీ మాత్రల చీటీ కూడా తీసుకెళ్ళండి. ప్రాజోసిన్ వంటి మందులు మూత్రాశయం మెడ దగ్గరి, ప్రసేకంలోని నునుపు కండరాన్ని వదులు చేస్తాయి, స్త్రీలలో మూత్రం జారడానికి ఇదొక కారణం. అలాంటి మాత్ర ఉంటే మీరుగా ఆపకుండా, మార్చడానికి వీలుందేమో వైద్యుణ్ణి అడగండి. కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య భాగం తిమ్మిరెక్కినా, మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయి పొట్ట కింద గట్టిగా ఉబ్బినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.